పెద్ద నెమలి చేతికొచ్చింది, ఇప్పుడేం చేయాలి?

(దృశ్యం: శేషాచలం కొండల కింద మామిడి తోట. పొద్దున్నే. కంచె రాయి మీద మగ నెమలి. దూరంగా ఇంకో నెమలి అరుపు.)

నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియో రెండు రకాల వాళ్ల కోసం. ఒకరు మన చంద్రగిరి, పాకాల, పూతలపట్టు వైపు తోటలు, చేలు ఉన్నవాళ్లు. కుక్కలు తరిమినప్పుడో, వలలో చిక్కుకున్నప్పుడో పెద్ద నెమలి ఒకటి వీళ్ల చేతికి వస్తుంది. "అన్నా, కాలు కుంటుతా ఉంది, కోళ్ల గూట్లో వేశాం, ఏం పెట్టమంటావు?" అని అడుగుతారు. రెండోవాళ్లు ఇక్కడి నుంచి వెళ్లి టెక్సాస్‌లోనో మరోచోటో ఎకరం, రెండెకరాల స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు. అమెరికాలో చాలాచోట్ల నెమలిని డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. కొన్నాక ఫోన్ వస్తుంది. "మామా, మొన్న తెచ్చాం, నిన్న బయట వదిలాం, ఈరోజు కనబడటం లేదు."

రెండు చోట్లా పక్షి ఒకటే, మన నీలి నెమలి. దాని గుణమూ ఒకటే. మీరు చేయాల్సిన పని మాత్రం వేరు.

(దృశ్యం: తెర మీద అక్షరాలు. "మన దేశంలో నెమలిని పెంచుకోవచ్చా?")

పెంచుకోకూడదు. ముందే చెప్పేస్తున్నాను, వీడియో చివరిదాకా కూర్చోబెట్టి అప్పుడు చెప్పడం నాకిష్టం లేదు. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. పట్టుకోవడం, వల వేయడం, గుడ్లు తీయడం, గూడు చెదరగొట్టడం, ఇవన్నీ చట్టం దృష్టిలో వేట కిందికే వస్తాయి. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేల రూపాయలు. "మా పెరట్లోకి దానంతట అదే వచ్చింది, మేం పట్టలేదు కదా" అంటారా? అది ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలని చట్టంలోనే ఉంది.

ఇంకో మాట. తెల్ల నెమలి విదేశీ జాతి, దానికి ఈ చట్టం లేదు అని అమ్మజూపేవాళ్లు ఉంటారు. తెల్ల నెమలి వేరే జాతి కాదు. ఈ నీలి నెమలే, ఈకల్లో రంగు పట్టని రకం. ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి.

(దృశ్యం: నేల మీద పరిచిన పాత దుప్పటి, పక్కన ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె.)

సరే, తోటలో దెబ్బ తగిలిన పెద్ద మగ నెమలి ఉంది. అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేశారు. నంబర్ తెలియకపోతే 112కి చేసినా విషయం అందుతుంది. వాళ్లు వచ్చేలోగా గంటో రెండు గంటలో పడుతుంది. అసలు టెన్షన్ అంతా ఆ కొద్ది సమయానిదే. గాయంతో చావని పక్షి భయంతో చచ్చిపోవచ్చు. పట్టుకోవాలని పదిమంది చుట్టూ చేరి అరగంట తరిమితే దాని కండరాలే దెబ్బతింటాయి. ఆ పూట బాగానే ఉన్నట్టు కనిపించి, ఒకటి రెండు రోజుల్లో కాళ్లు చచ్చుబడి కూలిపోతుంది.

అందుకే మొదటి నియమం, అది ఒక మూలన కదలకుండా కూర్చుని ఉంటే అసలు ముట్టుకోకండి. కుక్కల్ని కట్టేయండి, పిల్లల్ని ఇంట్లోకి పంపండి, సెల్ఫోన్లు జేబులో పెట్టించండి. కాకపోతే రోడ్డు పక్కనో, బావి గట్టు మీదో పడి ఉంటే పట్టక తప్పదు. అప్పుడు ఒక్కరే వెళ్లాలి, వెనక నుంచి. దుప్పటి మొదట తల మీద పడాలి. కళ్లకు చీకటి కమ్మగానే చాలావరకు కొట్టుకోవడం మానేస్తుంది. తర్వాత దుప్పటి మీద నుంచే రెండు రెక్కలూ ఒంటికి అదిమి పట్టి, రెండో చేత్తో రెండు కాళ్లూ కలిపి పైభాగంలో పట్టుకోవాలి. ఒక్క కాలు పట్టి ఎత్తితే తుంటి జారుతుంది. కాళ్ల వెనక ఒక ముల్లు ఉంటుంది చూడండి, పుంజుకు ఉన్నట్టే, ఇంకా పొడవుగా. దాని మొన మీ ముంజేతి వైపు కాకుండా బయటికి ఉండాలి. నెమలి బరువు ఎక్కువేం కాదు, మగది 4 నుంచి 6 కిలోలు. కానీ తన్నిందంటే ఆ ముల్లు చర్మాన్ని చీల్చేస్తుంది.

పింఛం పట్టుకుని లాగే పని మాత్రం పెట్టుకోవద్దు. చేతికి గుప్పెడు ఈకలు వస్తాయి, పక్షి పారిపోతుంది. భయపడ్డప్పుడు ఈకలు వదిలేసి తప్పించుకోవడం పక్షుల్లో ఉన్నదే.

తర్వాత పెట్టె. మామిడికాయలు వేసే ప్లాస్టిక్ ట్రేలు రెండు తెచ్చి ఒకదానిపై ఒకటి బోర్లించేవాళ్లున్నారు. మగ నెమలికి అది చాలదు. పింఛంతో కలిపి పొడవు 2 మీటర్లు దాటుతుంది. మడత పడితే ఈకల కాడలు విరుగుతాయి, విరిగిన ఈక మళ్లీ ఏడాది రాలేదాకా అలాగే వేలాడుతుంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె అడ్డంగా పడుకోబెట్టండి. పక్కల చిన్న చిన్న బెజ్జాలు పెట్టండి. అడుగున గోనెసంచి పరచండి. నున్నటి అట్ట మీద కాళ్లు జారి ఇంకా గాయపడుతుంది. లోపల చీకటిగా, బయట నీడగా ఉండాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డు కింద పెట్టడమంటే పొయ్యి మీద పెట్టడమే.

నీళ్లు చిన్న గిన్నెలో దగ్గర పెట్టండి, చాలు. నోరు తెరిచి పోయకండి. పక్షికి గాలి గొట్టం ద్వారం నాలుక వెనకే ఉంటుంది, పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం, పసుపు నీళ్లు, ఏవీ వద్దు. నోట్లోంచి చొంగ కారుతూ, ఒళ్లు వణుకుతూ, నిలబడలేకపోతుంటే మందు కొట్టిన చేలోనో, మందు పట్టించిన విత్తనాలో తిని ఉండవచ్చు. ఫోన్‌లో ఆ మాట తప్పక చెప్పండి. దగ్గర్లో ఏ పంటకు ఏ మందు కొట్టారో తెలిస్తే డబ్బా మీది పేరు ఫొటో తీసి ఉంచండి. వైద్యుడికి అదే సగం పని.

మన అదృష్టం ఏమిటంటే తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది, 1955 నుంచి నడుస్తోంది. 1987లో మొదలైన శ్రీ వేంకటేశ్వర జూ పార్కూ ఇక్కడే ఉంది, అందులో జంతు సంరక్షణ కేంద్రం కూడా ఉంది. మీ పని పెట్టెతో అయిపోయింది. ఇక మిగతాది వాళ్లు చూసుకుంటారు.

(దృశ్యం: గీసిన బొమ్మ. పెద్ద జాలీ గది, మూడు వైపులా వల, ఒక వైపు పైకప్పు, లోపల ఎత్తుగా వాలే కర్ర.)

ఇక్కడి నుంచి అమెరికా వాళ్లకు. ఇక్కడివాళ్లు కూడా చూడొచ్చు, ఇంట్లో ఎందుకు కుదరదో మీకే తెలిసిపోతుంది.

కొనేముందు మీ కౌంటీ, మీ కాలనీ నిబంధనలు చదవండి. సంతాన కాలంలో మగ నెమలి తెల్లవారకముందే మొదలుపెట్టి పొద్దుపోయాక కూడా అరుస్తుంది. ఇక్కడ కొండ కింద ఆ అరుపు వింటే హాయిగా ఉంటుంది. పక్కింటివాళ్ల పడకగది కిటికీ కింద అయితే పోలీసులకు ఫోన్ వెళుతుంది. లాస్ ఏంజిలిస్ దగ్గర ఆర్కేడియా అనే ఊరు ఉంది. 19వ శతాబ్దం చివర్లో ఒక భూస్వామి భారతదేశం నుంచి నెమళ్లు తెప్పించి తన ఎస్టేట్‌లో వదిలాడు. వాటి సంతతి ఇప్పటికీ వీధుల్లో తిరుగుతోంది. గోల భరించలేక 2021లో లాస్ ఏంజిలిస్ కౌంటీ నెమళ్లకు మేత వేయడాన్నే నిషేధించింది. మన తిరుపతిలో వర్సిటీ ఆవరణలో నెమలి కనబడితే ఫొటో తీసుకుంటాం, అక్కడ ఫిర్యాదు రాస్తారు. ఎవరి బాధ వాళ్లది.

ఇక గది. పక్షికి 100 చదరపు అడుగులు అని అక్కడి పెంపకందార్లు చెప్పే లెక్క. అది కనీసం, సుఖం కాదు. నేనైతే వైశాల్యం కన్నా వెడల్పు ముందు చూస్తాను. పురి విప్పిన మగ నెమలి అటూ ఇటూ తిరగాలంటే ఏ వైపు కొలిచినా 10 అడుగులు ఉండాలి. సన్నగా పొడవుగా, 5 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు కట్టారనుకోండి, లెక్కకు 100 వస్తుంది. పక్షి మాత్రం పురి విప్పిన ప్రతిసారీ ఈకలు జాలీకి రాసుకుని నెల తిరిగేలోపు అంచులు చిరిగిపోతాయి. ఎత్తు 8 అడుగులు పెట్టండి, మీరు వంగకుండా లోపలికి వెళ్లి ఊడవగలగాలి కూడా.

పైకప్పు తెరిచి ఉంచాలనే ఆలోచనే వద్దు. ఇంత తోక వేసుకుని ఎగరలేదనుకుంటారు. మన దగ్గర రాత్రయితే అది చింతచెట్టు చిటారు కొమ్మ మీద పడుకుంటుంది. నిలబడిన చోటు నుంచి నేరుగా పైకి లేస్తుంది. కాబట్టి పైన కూడా వల ఉండాలి. గట్టి నైలాన్ వలే మేలు, ఇనుప జాలీ పైన వేస్తే, మొదటి వారంలో రాత్రిపూట బెదిరి ఎగిరినప్పుడు తల పగలగొట్టుకుంటుంది. పక్కలకు, కింది భాగానికి మాత్రం సన్న కన్నుల ఇనుప జాలీయే వేయాలి, నేలలోకి ఒక అడుగు దిగేలా. అక్కడ రకూన్లు, నక్కలు తవ్వుకుంటూ వస్తాయి. మన దగ్గర కోళ్ల గూటికి ముంగిస, బావురుపిల్లి చేసేది అదే పని.

వాలే కర్ర చాలామంది చిన్న విషయం అనుకుంటారు. కొత్త పక్షి నిద్రపోవాలంటే అదే ముఖ్యం. పింఛం 5 అడుగుల దాకా ఉంటుంది. కర్ర 3 అడుగుల ఎత్తులో ఉంటే ఈకల చివర్లు రాత్రంతా రెట్టలో నానతాయి. 5, 6 అడుగుల ఎత్తులో, గోడకు 3 అడుగులు ఎడంగా పెట్టండి. గుండ్రటి సన్న పైపు వద్దు. నాలుగు అంగుళాల వెడల్పు చెక్క, వెడల్పు వైపు పైకి ఉండేలా బిగించండి. చలి దేశాల్లో దీనికి ఇంకో లాభం ఉంది. పక్షి ఆ చెక్క మీద కూర్చున్నప్పుడు వేళ్లు చాచి ఉంటాయి, పొట్ట ఈకలు వాటిని కప్పేస్తాయి, మంచు కాటు పడదు. చలిని నెమలి బాగానే తట్టుకుంటుంది, ఒళ్లు తడవకుండా, చలిగాలి తగలకుండా ఉంటే. అందుకే గదిలో మూడో వంతుకైనా కప్పు, మూడు వైపులా గోడ ఉండాలి.

నేలకు ఇసుక మంచిది. కాంక్రీటు మీద పక్షి కాళ్ల కింద పుండ్లు పడతాయి. బురద అయితే రోగాల పుట్ట.

(దృశ్యం: జాలీ లోపల నుంచి ఇంటి వైపు చూస్తున్న నెమలి.)

ఇప్పుడు ఆ ఫోన్ సంగతి, నిన్న వదిలాం, ఈరోజు లేదు అన్నారే. పిల్లగా తెచ్చింది ఒక రకం, పెద్దది తెచ్చింది వేరే రకం. పెద్ద పక్షి బుర్రలో దాని ఊరు ఒకటి ఉంది. అది మీ ఇల్లు కాదు. తలుపు తీయగానే ఎత్తైన చెట్టు వెతుక్కుంటుంది, అక్కడి నుంచి మరో చెట్టు, అంతే సంగతి. తక్కువలో తక్కువ మూడు నెలలు గదిలోనే ఉంచండి, ఆరు నెలలైతే నిశ్చింత. ఆ కాలంలో రోజూ ఒకే వేళకు, ఒకే గిన్నెలో, ఒకే మనిషి మేత వేయాలి. గిన్నె చప్పుడుకు దగ్గరికి వచ్చే అలవాటు పడ్డాక ముందు ఆడ నెమలిని వదిలి మగదాన్ని లోపలే ఉంచి చూడండి. జత లోపల ఉంటే బయటిది దూరం పోదు. అదీ సాయంత్రం మేతకు గంట ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు.

మొదటి వారం తినకపోతే కంగారు పడతారు. తెచ్చిన చోట ఏ దాణా తినేదో అడిగి అదే తేవాలి, తర్వాత మెల్లగా మార్చుకోవచ్చు. అదే పనిగా గదిలోకి వెళ్లి పలకరించవద్దు. దూరంగా కుర్చీ వేసుకుని మీ పని మీరు చేసుకోండి. అద్దాలు, మెరిసే కారు దగ్గర్లో లేకుండా చూడండి. సంతాన కాలంలో మగది తన నీడనే వేరే మగ నెమలి అనుకుని పొడుస్తుంది, కారు తలుపు గీతలు పడ్డాక తిట్టుకుని లాభం లేదు.

(దృశ్యం: రెండు గిన్నెలు. ఒకదానిలో రాగులు, సజ్జలు, తరిగిన ఆకుకూర. రెండోదానిలో నల్లటి బూజు పట్టిన శనక్కాయ గింజలు.)

తిండి. నెమలి పూర్తి శాకాహారి అని మనవాళ్లకు ఎందుకో నమ్మకం. చెదలు, మిడతలు, బల్లులు, చిన్న పాములు, గింజలు, చిగుళ్లు, రాలిన పండ్లు, అన్నీ తింటుంది. గదిలో ఉన్నదానికి గేమ్ బర్డ్ ఫీడ్ అనే దాణా అక్కడ దొరుకుతుంది, మాంసకృత్తులు 16 నుంచి 20 శాతం మధ్య ఉన్నది చూసుకోండి. పైన ఆకుకూరలు, పురుగులు. గుడ్లు పెట్టే కోళ్ల లేయర్ దాణా మగ నెమలికి ఎప్పుడూ వేయవద్దు. అందులో గుడ్డు పెంకు కోసం కాల్షియం ఎక్కువ కలుపుతారు, గుడ్డే పెట్టని పక్షికి ఆ భారం మూత్రపిండాల మీద పడుతుంది.

రెండో గిన్నె చూడండి. శనక్కాయ నెమలికి ప్రాణం, మన చేలల్లో విత్తు వేసిన రోజే గీరి తింటుందని రైతులకు తెలుసు. కానీ వానలో తడిసి బూజు పట్టిన గింజలు, మనుషులకు పనికిరావని పక్కన పడేసినవి పక్షులకు వేయకండి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. అసలు ఆ విషం లోకానికి తెలిసిందే పక్షుల చావుతో. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన శనక్కాయ చెక్క అని తేలింది. గింజ కొరికి చేదనిపిస్తే ఉమ్మేస్తాం మనం. పక్షి మింగేస్తుంది, కాలేయం పోతుంది.

(దృశ్యం: గంప కింద కోడి, పక్కన పిల్లలు.)

కోళ్లతో కలిపి పెట్టొచ్చా? వద్దు. ఇక్కడ గంటసేపు ఉంచుకునే తోటవాళ్లకూ ఇదే మాట. కోడి కడుపులో హెటరాకిస్ అనే సన్న పురుగు ఉంటుంది, కోడికి పెద్దగా ఏమీ చేయదు. ఆ పురుగు గుడ్డులో ఒక సూక్ష్మజీవి దాగి మట్టిలోకి వెళ్తుంది, వానపాముల్లోకీ చేరుతుంది. అది నెమలి కడుపులోకి పోతే కాలేయాన్ని తినేస్తుంది. గంధకం లాంటి పసుపు రంగు రెట్ట కనిపిస్తే ఆగకూడదు, వెంటనే వైద్యుడి దగ్గరికి. కొక్కెర తెగులు కూడా కోళ్ల నుంచి అంటుకుంటుంది. కొత్తగా తెచ్చిన పక్షిని పాతవాటికి దూరంగా 30 రోజులు ఉంచి, రెట్ట పరీక్ష చేయించి, పురుగుల మందు డాక్టర్ చెప్పిన మోతాదులో వేయించండి. రోజూ పొద్దున్నే కర్ర కింద రెట్ట చూడటం అలవాటు చేసుకోండి. గోధుమ రంగు, పైన తెల్లటి టోపీ ఉంటే మంచిదే. పలచగా, ఆకుపచ్చగా ఉంటే తిండి మానేసిందన్నమాట. పక్షి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది, రెట్ట దాచలేదు.

(దృశ్యం: శనక్కాయ చేను. మొక్కల మధ్య నేల మీద నాలుగు గుడ్లు.)

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. శనక్కాయ పీకేటప్పుడో, గడ్డి కోసేటప్పుడో ఇలా గుడ్లు కనబడతాయి. నెమలి గూడంటే ఏమీ ఉండదు, నేల మీద చిన్న గుంట, 4 నుంచి 8 గుడ్లు. తీసుకెళ్లి కోడి కింద పెడితే పిల్లలు వస్తాయి, నిజమే. తర్వాతే గొడవ. మనుషుల మధ్య పెరిగిన మగ నెమలికి మనుషులంటే భయం పోతుంది. ముద్దుగా ఉన్నన్నాళ్లు సరే. మూడో ఏట పింఛం నిండాక అది మనుషుల ముందే పురి విప్పుతుంది, మనుషులనే పోటీ మగవాళ్లు అనుకుంటుంది. బడికి వెళ్లే పిల్లల ముఖం మీదికి ముల్లుతో దూకితే అప్పుడు అడవిలో వదిలేద్దామంటారు. అది అడవిలో బతకదు, ఏ ఊరు దగ్గరైతే ఆ ఊళ్లోకే మళ్లీ వస్తుంది. చట్టం చెప్పే వద్దు అన్న మాటకు నాకు కనిపించే బలమైన కారణం ఇదే.

గుడ్లు చూస్తే చుట్టూ నాలుగైదు అడుగుల మేర పంట వదిలేయండి. పొదుగు 28 రోజులు. ఒక్క నెల, రెండు మూడు సాళ్లు. పంట నష్టం ఎక్కువగా ఉంటే అటవీ శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి. అడవి పందుల కోసం కంచెకు కరెంటు తీగ తగిలించడం మాత్రం నేరం, దానికి నెమళ్లూ చస్తాయి, ఒక్కోసారి పక్క చేను రైతూ చస్తాడు.

చివరగా ఈకలు. ఆడి కృత్తికకు తిరుత్తణి కావడి ఎత్తేవాళ్లు ప్రతి ఏటా అడుగుతారు. సంతాన కాలం అయిపోగానే మగ నెమలి పింఛం మొత్తం దానంతట అదే రాలిపోతుంది. అలా రాలినవి ఏరుకోవచ్చు, మన దేశంలో ఇంట్లో ఉంచుకోవచ్చు, కావడికి కట్టుకోవచ్చు. దేశం దాటించడానికి మాత్రం అనుమతి లేదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చినవాళ్లు దేవుడి గదిలోకని సూట్‌కేసులో పెట్టుకోకండి. గది సరిగ్గా కడితే మీ నెమలి అక్కడే ఏటా నూటయాభైకి పైగా రాలుస్తుంది, అవే వాడుకోండి.